పాలు తోడుకోకపోతే మందే కారణమా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా వీధి చివర గేదెలున్న వారి ఇంటి నుంచి చాలా ఏళ్లుగా పాలు పోయించుకుంటున్నాము. పోయిన నెలలో ఒక గేదెకు పొదుగువాపు వచ్చిందనీ, మందులు వేయించామనీ ఆ ఇంటావిడ చెప్పారు. ఆ తరువాత మూడు రోజులు ఎంత తోడు వేసినా పెరుగు పేరుకోలేదు. ఇది ఆ మందు వల్లనేనా? బాగా మరగకాచి తాగితే ఫరవాలేదా?
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: మీ అనుమానం సహేతుకమైనదే. పాలను పెరుగుగా మార్చేది తోడులో ఉండే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా. పొదుగువాపుకు తరచుగా వాడే పెన్సిలిన్ జాతి మందులకు ఇది రోగం తెచ్చే క్రిమి, ఇది పెరుగు తోడు అనే భేదం తెలియదు; అందువల్ల పాలలోకి దిగిన మందు స్వల్ప మోతాదులోనైనా తోడును ఎదగనివ్వదు. డెయిరీలలో మందు అవశేషాలను పట్టుకొనే ఒక రకం పరీక్ష కూడా ఇలాగే పనిచేస్తుంది: మందులను ఏమాత్రం తట్టుకోలేని ఒక బ్యాక్టీరియాను పాలలో వేసి, అది పెరగకపోతే ఆ పాలను తిరగగొడతారు. మీ పెరుగు గిన్నె తనకు తెలియకుండానే ఆ పరీక్ష చేసిందన్నమాట.

అయితే తోడు పాతబడినా, పాలు మరీ వేడిగా ఉండగా తోడు వేసినా, చలి ఎక్కువైనా పెరుగు పేరుకోదు. కనుక ఈసారి ఆ పాలనూ ప్యాకెట్ పాలనూ వేరువేరుగా కాచి, రెండూ గోరువెచ్చగా అయ్యాక ఒకే గిన్నెలోని తోడు చెరొక చెంచా వేసి, పక్కపక్కనే ఉంచండి. ప్యాకెట్ పాలు తోడుకుని ఇవి తోడుకోకపోతే లోపం తోడుది కాదు, పాలదే. అప్పుడు కూడా మందే కారణమని నూటికి నూరుపాళ్లు చెప్పలేము, బిందె తోమిన సబ్బు మిగిలినా అలా జరగవచ్చు. కానీ మీరు చెప్పిన సందర్భంలో నేను ముందుగా మందునే అనుమానిస్తాను.

ఇక కాచడం సంగతి. కాస్తే చచ్చేవి ప్రాణమున్న సూక్ష్మజీవులు. మందుకు ప్రాణం లేదు. మరిగించినా పెన్సిలిన్‌లో చాలా భాగం పాలలోనే నిలిచి ఉంటుంది, ఆ మందు పడనివారికి దద్దుర్లు రావచ్చు. మందు పెట్టె మీద పాలు ఎన్ని రోజులు వాడకూడదో రాసి ఉంటుంది. రాసి లేకపోతే కనీసం 7 రోజులు ఆగాలని 2012లో ఔషధ నిబంధనలలో చేర్చారు. ఒక చన్నులోకే మందు ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ పారబోయవలసిందే, ఎందుకంటే మందు రక్తంలో కలిసి తక్కిన వాటిలోకీ చేరుతుంది. ఆ పాలను దూడకు తాపడం కూడా మంచిది కాదు. దూడ పేగుల్లో ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా పెరగడానికి అది దారి చేస్తుంది. పాడి గల ఇంటివారికి వారం రోజుల పాలు పోవడమంటే చిన్న నష్టం కాదు. అందువల్ల నిష్ఠూరంగా కాకుండా, ఆ వారం పాలు వేరే చోట తీసుకుంటామని ముందే చెప్పడం మేలు.

ప్రశ్న: ఫారం కోళ్లకు యాంటీబయాటిక్స్ పెడతారు కనుక ఆ మాంసంలోని క్రిములు ఎంత ఉడికించినా చావవని మా అబ్బాయి అంటున్నాడు. నేను పసుపు, ఉప్పు వేసి నాలుగైదుసార్లు కుళాయి కింద కడుగుతాను. సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ అబ్బాయి మాటలో సగం నిజముంది. మందుకు లొంగని బ్యాక్టీరియా వేడికి మాత్రం మామూలు వాటిలాగే లొంగుతుంది. ముక్క లోపలి భాగం 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే సాల్మొనెల్లా, క్యాంపిలోబాక్టర్ వంటివి చస్తాయి. కుతకుత ఉడికే మన కూరలో ఆ వేడి సులభంగా వస్తుంది. ఎముక దగ్గర ఎర్రగా మిగిలిపోయే కాల్చిన ముక్కలతోనే జాగ్రత్త అవసరం.

అసలు ప్రమాదం పొయ్యి మీదికి ఎక్కక ముందే ఉంది. కుళాయి ధార కింద కోడిని కడిగినప్పుడు ఎగిరే తుంపరలు పక్కనే ఆరబెట్టిన పళ్లేల మీద, కోసిపెట్టిన కీరా ముక్కల మీద పడతాయి, వాటిని ఎవరూ ఉడికించరు. పసుపు, ఉప్పు నీచు వాసనను తగ్గిస్తాయేమో గాని క్రిములను నమ్మకంగా చంపవు. కడగక మనసొప్పకపోతే, గిన్నెలో నీళ్లు పోసి చిందకుండా ఒక్కసారి కడిగి, తొట్టిని, కత్తిని, చేతులను సబ్బుతో శుభ్రం చేయండి.

ఇలా లోపలికి వెళ్లిన క్రిమి జబ్బు చేయకపోయినా, మందును ఎదిరించే తన జన్యువును మన పేగుల్లోని ఇతర బ్యాక్టీరియాకు అందించగలదు. కొలిస్టిన్‌ను ఎదిరించే అటువంటి జన్యువు పందులలో, మాంసంలో, రోగులలో కనబడిందని 2015లో చైనా పరిశోధకులు ప్రకటించారు. వేరే మందులేవీ పనిచేయని రోగులకు ఆస్పత్రులలో చివరగా వాడే మందు అది. కోళ్ల మేతలోనూ దానిని కలుపుతూ వచ్చిన మన దేశంలో, ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు, చేపలకు దాని వాడకాన్ని కేంద్రం 2019 జులైలో నిషేధించింది. ఆలస్యమైనా సరైన పని.

ప్రశ్న: చెరువులో శీలావతి, బొచ్చె చేపలకు మందు వాడితే పట్టుబడికి ఎన్నాళ్లు ఆగాలి?
— ఒక రైతు, కైకలూరు

జవాబు: సీసా మీద గడువు రాసి లేకపోతే 500 డిగ్రీ దినాలు ఆగాలి. నీటి ఉష్ణోగ్రతతో 500ను భాగించండి: నీరు సగటున 25 డిగ్రీలుంటే 20 రోజులు, 28 ఉంటే సుమారు 18 రోజులు. చల్లటి నీటిలో చేప ఒంటి నుంచి మందు నెమ్మదిగా పోతుంది కనుక చలికాలంలో గడువు పెరుగుతుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లకు ఈ లెక్క వర్తించదు. ఎన్నాళ్లు ఆగినా వాటిని వాడకూడదు.