జేబులో జంజాటం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎండలు ముదిరేకొద్దీ ఉత్తరాలు కూడా వేడెక్కుతున్నాయి. ఫోను నిండిపోయిందని ఒకరు, పొద్దున్నే డేటా అయిపోయిందని ఒకరు, పవర్ బ్యాంకు మోసం చేసిందని ఇంకొకరు. కొన్నింట్లో ప్రశ్న కంటే తిట్లే ఎక్కువున్నాయి, అవి కంపెనీలకు ఎలాగూ చేరవు కాబట్టి నేనే పుచ్చుకున్నాను. ఈసారి కొత్తది కొనమని ఎవరికీ చెప్పబోవడం లేదు, షాపులవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: సార్, నేను రిటైర్డ్ టీచర్ని. మా అబ్బాయి కొనిచ్చిన 64 జీబీ ఫోను వాడుతున్నాను. మొన్న మనవరాలి డాన్సు వీడియో తీస్తుంటే సగంలో ఆగిపోయి స్టోరేజ్ ఫుల్ అంది. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని ఫొటోలు తీసేశాను, అయినా అదే మాట. షాపులో చూపిస్తే పాతబడింది, మార్చేయండమ్మా అన్నాడు. అసలు డబ్బా మీద 64 అని ఉంటే నేను పెట్టుకోగలిగింది 50 కూడా లేదు, మిగతాది ఎవరు తిన్నట్టు? (తిరుపతి, కొర్లగుంట)

జవాబు: అమ్మా, ముందు ఆ లెక్క తేల్చేద్దాం, లేకపోతే మీకు నిద్ర పట్టదు. కంపెనీ దృష్టిలో ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లు. కంప్యూటరు 1024 చొప్పున హెచ్చవేసుకుంటూ పోతుంది కాబట్టి దాని దృష్టిలో అదే జీబీ 107 కోట్ల పైచిలుకు. అలా మీ 64 అక్కడే 59.6కి దిగింది. ఆ మిగిలినదాంట్లో ఆండ్రాయిడూ, మీరు ఎప్పుడూ తెరవని, తీసేద్దామన్నా పోని కంపెనీ యాప్‌లూ కాపురం పెట్టి ఉంటాయి. ఇందులో దొంగతనం లేదు, కానీ ఈ సంగతి డబ్బా మీద ఇంకొంచెం పెద్ద అక్షరాల్లో వేస్తే వాళ్ళ సొమ్మేం పోదు.

ఇక రాత్రంతా తీసేసినా చోటు ఎందుకు రాలేదంటే, తీసేసిన ఫొటో వెంటనే పోదు. గూగుల్ ఫొటోస్‌లో అయితే బిన్ అనే చోటికి వెళ్ళి కూర్చుంటుంది, బ్యాకప్ అయినవి, అంటే ఆన్‌లైన్‌లో కాపీ దాచుకున్నవి 60 రోజులు, కానివి 30 రోజులు. ఫోనుతో వచ్చిన గ్యాలరీలో కూడా సాధారణంగా ఇలాంటి చెత్తబుట్ట ఒకటి ఉంటుంది. ఆ బుట్ట ఖాళీ చేస్తేనే చోటు వస్తుంది. అయితే ఖాళీ చేసేముందు ఒక్క నిమిషం ఆగండి. గూగుల్ ఫొటోస్ యాప్‌లో ఫొటో తీసేశారంటే ఫోనులోదే కాదు, ఆన్‌లైన్‌లో దాచిన కాపీ కూడా పోతుంది. పైన భద్రంగా ఉందిలే అని కింద తీసేసి, పెళ్ళి ఫొటోలు పోగొట్టుకుని ఉత్తరం రాసినవాళ్ళు ఉన్నారు. అందులోనే ఫ్రీ అప్ స్పేస్ అని ఒక బటన్ ఉంది, అది బ్యాకప్ అయినవాటిని మాత్రమే చూసి ఫోనులో తీసేస్తుంది, పైన అలాగే ఉంచుతుంది. మీకు కావలసింది అది.

కానీ నన్నడిగితే మీ ఫోనులో ఎక్కువ తింటున్నది మీరు తీసిన ఫొటోలు కాదు, మీకు వచ్చినవి. వాట్సాప్ తెరిచి సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ నొక్కండి. పైన రెండు డబ్బాలు కనిపిస్తాయి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి ఒకటి, 5 ఎంబీ దాటినవి ఇంకొకటి. కింద ఎక్కువ తిన్నవాళ్ళతో మొదలుపెట్టి గ్రూపుల వరస ఉంటుంది, మొదటి పేరు చూడగానే మీకే నవ్వొస్తుంది, బహుశా అది మీ బంధువుల గ్రూపో, అపార్ట్‌మెంట్ గ్రూపో అయి ఉంటుంది. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ నాడు తలా ఒక వీడియో పెట్టి ఉంటారు, అవి చూసినా చూడకపోయినా మీ ఫోనులోకి దిగాయి. ఆ మొదటి డబ్బాని కళ్ళు మూసుకుని ఖాళీ చేయొచ్చు. రెండోదాన్ని మాత్రం ఒక్కొక్కటి చూసి తీయండి, మనవరాలి వీడియో కూడా 5 ఎంబీ దాటే ఉంటుంది. ఆ తర్వాత స్టోరేజ్ అండ్ డేటా పేజీలోనే మీడియా ఆటో డౌన్‌లోడ్ అని ఉన్నచోట మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ మూడింట్లోనూ టిక్కులు తీసేయండి. ఇక మీరు నొక్కితేనే ఏదైనా దిగుతుంది. శుభోదయాలు మసకగా కనిపిస్తాయి, ఏం ఫరవాలేదు, అర్థమవుతుంది.

ఇంకో చిక్కు కూడా ముందే చెప్పేస్తాను. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఒక్క ఫొటోలకే కాదు, జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ దాన్ని పంచుకుంటాయి. 2021 జూన్ 1కి ముందు ఎక్కించిన ఫొటోలు, కాస్త నాణ్యత తగ్గించి దాచుకున్నవి ఈ లెక్కలోకి రావు, ఆ తర్వాతవన్నీ వస్తాయి. 2024 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే పడుతోంది. ఇది నిండితే ఫొటోలు ఎక్కకపోవడం అటుంచి మీకు మెయిళ్ళు రావడం ఆగిపోతుంది. పెన్షన్ తాలూకు మెయిలు ఎదురుచూస్తున్నవాళ్ళకి ఇంతకంటే టెన్షన్ ఏముంటుంది. వాట్సాప్ బ్యాకప్ సెట్టింగ్‌లో వీడియోలు కలపాలా అని అడిగే చోట వద్దనండి, చాలావరకు తేలికపడుతుంది.

ఇవన్నీ చేశాక మొత్తంలో పదోవంతుకు మించి ఖాళీ ఉండేలా చూసుకోండి. నిండా కుక్కిన ఫోను కొత్తగా ఏది రాయాలన్నా ముందు లోపల సర్దుకోవాలి, అందుకే నెమ్మదిస్తుంది. షాపతను పాతబడిందన్నది చాలాసార్లు ఇదే.

ప్రశ్న: అన్నా, యూనివర్సిటీ హాస్టల్లో ఉంటాను, రోజుకు 1.5 జీబీ ప్యాకు. ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ ఇచ్చి ఒక్క పీడీఎఫ్ దించుకుంటే చాలు, పదింటికల్లా డేటా అయిపోయిందని మెసేజ్ వస్తోంది. నెట్‌వర్క్ వాళ్ళే కొట్టేస్తున్నారని మా రూమ్మేట్ అంటున్నాడు, నిజమేనా? (తిరుపతి)

జవాబు: రూమ్మేట్ మాట పక్కన పెట్టి ల్యాప్‌టాప్‌ని నిలదీయి తమ్ముడూ. దానికి నీ హాట్‌స్పాట్‌కీ ఇంట్లో వైఫైకీ తేడా తెలియదు. నెట్ దొరికిందని విండోస్ అప్‌డేట్లు మొదలుపెడుతుంది, క్లౌడ్‌లో దాచే ఫైళ్ళు ఎక్కించడం మొదలుపెడుతుంది, నువ్వు పీడీఎఫ్ చదువుకుంటూ ఉంటావు. విండోస్‌లో ఆ వైఫై పేరు మీద ప్రాపర్టీస్‌కి వెళ్ళి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చెయ్యి. అంటే ఇది కొలిచి ఇచ్చే నెట్ అని దానికి చెప్పడం, పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. వారానికోసారి ఎక్కడైనా మంచి వైఫై దొరికినప్పుడు అప్‌డేట్లు చేసుకో, మొత్తానికి మానేయకు.

రోజువారీ కోటా అయ్యాక నెట్ పూర్తిగా ఆగదు, 64 కేబీపీఎస్‌కి దిగుతుంది. వినడానికి ఏదో ఉన్నట్టుంటుంది కానీ ఇవి బిట్లు, బైట్లు కావు, ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 8 కేబీ. 3 ఎంబీ ఫొటో ఒకటి పంపాలంటే ఆరు నిమిషాల పైమాటే. అర్ధరాత్రి 12కి కొత్త కోటా మొదలవుతుంది, ఈ సంగతి హాస్టల్ వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదనుకుంటాను.

ప్రశ్న: అయ్యా, మాది మామిడి తోట. బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ పెట్టించాను, కరెంటు రాగానే నాకు ఫోను చేస్తుంది, ఇంట్లోనుంచే ఆన్ చేస్తాను. దాంట్లో సిమ్ముకు నెలనెలా డేటా ప్యాకు వేయాల్సి వస్తోంది, ఆ స్టార్టరేమన్నా వీడియోలు చూస్తుందా? వేరే కంపెనీ చౌక సిమ్ము వేస్తే అసలు పనిచేయలేదు. (బంగారుపాళ్యం దగ్గర)

జవాబు: ఈ పక్షం నాకు బాగా నచ్చిన ఉత్తరం ఇదే. మీ కోపం న్యాయమైనది, దేశంలో చాలామంది కోపమూ ఇదే. అందుకే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో, మాటలూ ఎస్సెమ్మెస్‌లూ మాత్రమే ఉండే ప్యాకులు కూడా పెట్టి తీరాలని, వాటి గడువు ఏడాది దాకా ఇవ్వొచ్చని నిబంధన తెచ్చింది. 2025 జనవరిలో కంపెనీలు అలాంటివి తెచ్చాయి. తెచ్చాయిగానీ, వాటిని యాప్‌లో మొదటి పేజీలో పెట్టి పిలిచి మరీ చూపించరు. రీచార్జి షాపులో డేటా లేని వాయిస్ ప్యాకు, ఎక్కువ గడువుది కావాలని గట్టిగా అడగండి. లేదంటే యాప్‌లో మీరే వెతుక్కోండి. గడువు రోజులతో ధరను భాగించి చూసుకోండి, ఒక్కోసారి పెద్దగా తేడా ఉండదు కూడా.

చౌక సిమ్ము ఎందుకు పనిచేయలేదంటే, పాత స్టార్టర్లలో ఉన్నది 2జీ పెట్టె. మీరు వేసింది జియోది అయి ఉంటుంది, దానికి 2జీ నెట్‌వర్కే లేదు, మొదటినుంచీ 4జీయే, కాబట్టి ఆ సిమ్ము మీ పెట్టెలో ఎంత తోసినా పలకదు. అందులో స్టార్టరు తప్పూ లేదు, సిమ్ము తప్పూ లేదు. 2జీ ఇంకా నడుపుతున్న కంపెనీల్లో మీ తోట దగ్గర ఎవరి సిగ్నల్ వస్తుందో చూడండి, ఇంటి దగ్గర కాదు, బోరు దగ్గర నిలబడి చూడండి. కొత్త స్టార్టరు కొనాల్సి వస్తే మాత్రం 4జీది అడగండి. ఇంకొకటి, ఆ సిమ్ము ఎవరి పేరు మీద ఉందో ఇప్పుడే చూసుకోండి. పెట్టె బిగించిన కుర్రాడి పేరు మీద ఉంటే అది ఆగిపోయిన రోజు మీరు వాడి వెనకాల తిరగాలి, అదీ కాయ ఊరే రోజుల్లో.

ప్రశ్న: 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, 5,000 ఎంఏహెచ్ ఫోను. రెండుసార్లు ఎక్కాలి కదా, ఒకటిన్నరసారికే చేతులెత్తేస్తోంది. నకిలీదా? (చిత్తూరు)

జవాబు: కాదు, మంచిదే. ఆ పదివేలు లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర లెక్క, అంటే 37 వాట్ అవర్ల శక్తి. దాన్ని 5 వోల్టులకు పెంచి ఫోనుకు పంపేటప్పుడు కొంత వేడిగా పోతుంది, పట్టుకుంటే తెలుస్తుంది కదా. మీ ఫోను బ్యాటరీ దాదాపు 19 వాట్ అవర్లు. పోయింది పోగా ఒకటిన్నరసారి వస్తే సరిగ్గా పనిచేస్తున్నట్టే. ఈసారి కొనేటప్పుడు వెనకాల చీమల అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఉంటుంది, అసలు సంఖ్య అది. రేణిగుంటలో విమానం ఎక్కేవాళ్ళు దాన్ని చేతి సంచిలోనే పెట్టుకోండి, లగేజీలో వేస్తే తీయిస్తారు.

ప్రశ్న: వచ్చే నెల అమ్మానాన్నలతో తిరుమల వెళుతున్నాం. 300 రూపాయల దర్శనం టికెట్లు నా ఫోనులో ఉన్నాయి. లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు కదా, ఎలా? పైగా ఘాట్ రోడ్డులో బ్యాటరీ ఊరికే దిగిపోతుంది. (పలమనేరు)

జవాబు: టికెట్లు ముందే ప్రింటు తీయించుకోండమ్మా, కొండ మీద జిరాక్సు షాపు కోసం వెతుక్కోకుండా ఇంటి దగ్గరే. బుక్ చేసేటప్పుడు ఇచ్చిన గుర్తింపు కార్డుల ఒరిజినల్స్ కూడా అందరివీ. కౌంటరులో ఫోను ఇచ్చేముందు స్విచాఫ్ చేయండి, తిరిగి ఎక్కడ తీసుకోవాలో రసీదు చేతికి రాగానే అడిగేయండి. చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది. నాన్నగారికి మీ నంబరు నోటికొచ్చా? మనకెవరికీ ఎవరి నంబరూ నోటికి రావడం లేదు. ఒక కాగితం మీద రెండు నంబర్లు, బయట కలుసుకునే చోటు రాసి వాళ్ళ జేబులో పెట్టండి. రద్దీలో చెయ్యి విడిపోతే పనికొచ్చేది ఆ కాగితమే.

బ్యాటరీ సంగతంటారా, సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోను టవరును అందుకోవడానికి శక్తి పెంచి అరుస్తుంది, మలుపు మలుపుకీ వెతుకుతుంది. ఆ కాసేపు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి కిటికీలోంచి చూడండి.

ప్రశ్న: మాది కుప్పం పక్క పల్లె. ఇంటి ముందర ఆంధ్ర నెట్‌వర్కు, పెరట్లోకి పోతే తమిళనాడుకు స్వాగతం అని మెసేజ్. సిగ్నల్ నిండా ఉంటుంది, నెట్ రాదు. (కుప్పం)

జవాబు: సిగ్నల్ గీతలు నిండా ఉండి నెట్ రాకపోతే ముందు డేటా రోమింగ్ ఆన్‌లో ఉందా చూడండి, కొన్ని ఫోన్లలో అది ఆపి ఉంటే పక్క రాష్ట్రం టవరు మీద డేటా తీసుకోదు. దేశం లోపల దీనికి వేరే చార్జీ పడుతుందన్న పాత భయం ఇప్పటి ప్యాకులతో అక్కర్లేదు. ఇంట్లో ఉన్నంతసేపు ఒక్క టవరే కావాలంటే సిమ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఆటోమేటిక్ తీసేసి మీదాన్ని ఎంచుకోండి. అయితే కృష్ణగిరికో బెంగళూరుకో బయల్దేరేటప్పుడు మళ్ళీ ఆటోమేటిక్‌లో పెట్టండి, లేదంటే దారంతా ఫోను మూగబోతుంది, ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు.

ప్రశ్న: 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో చోటుంది, అయినా పెళ్ళి వీడియో కాపీ కావట్లేదు. (శ్రీకాళహస్తి)

జవాబు: ఫైలు 4 జీబీ దాటి ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఫైళ్ళు సర్దుకునే ఫ్యాట్32 అనే పద్ధతిలో ఉంటే అంతకంటే పెద్ద ఫైలు ఒక్కటి కూడా పట్టదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. ఉన్నవి వేరేచోట దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి, ఫార్మాట్ చేస్తే లోపలిదంతా పోతుందని మళ్ళీ చెబుతున్నాను. మీ టీవీ పాతదైతే ఎక్స్‌ఫ్యాట్‌ని చదవకపోవచ్చు, అప్పుడు వీడియో తీసినాయన్నే రెండు ముక్కలు చేసి ఇమ్మనండి, ఆయనకి అదేం కొత్త కాదు.