సూపర్‌మార్కెట్ గోదాంకు సరుకు పంపేముందు

బిడ్డా సరితా,

మీ సంఘం కారంపొడి, పసుపు హైదరాబాద్ సూపర్‌మార్కెట్ల గోదాంకు పోబోతున్నయని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. మస్తు సంబురమైంది. పొడి ఎట్ల పట్టాలె అన్నది మీకు నేను చెప్పేది కాదు. నేను రాసేది గోదాం గేటు సంగతి. అక్కడ మీ కారం ఎవ్వరూ రుచి చూడరు. కాగితం చూస్తరు, డబ్బా చూస్తరు, మిషన్‌తోని బార్‌కోడ్ కొడ్తరు. మూడిట్ల ఏ ఒక్కటి తప్పినా బండి తిరిగి పరకాలకే, రానుపోను కిరాయి మీ మీదనే.

ముందుగాల ఆ కంపెనోళ్ల సప్లయర్ నిబంధనల కాగితాలు అడిగి తెప్పించుకో. ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క ఉంటది. నేను కింద రాసిన కొలతలు ఎక్కువ చోట్ల నడుస్తయ్, కానీ వాళ్ల కాగితంల వేరే ఉంటే వాళ్లదే ఖాయం.

అందరు ప్యాకెట్ డిజైన్‌తోని మొదలుపెడ్తరు. నువ్వు అట్టడబ్బాతోని మొదలుపెట్టు. గోదాంలల్ల డబ్బాలు పేర్చే చెక్కబల్ల, అంటే ప్యాలెట్, ఎక్కువగ 1200 మి.మీ. పొడుగు, 1000 మి.మీ. వెడల్పు ఉంటది. 400×300 డబ్బాలైతే దాని మీద ఒక వరుసకు సరిగ్గ పది కూర్చుంటయ్. బయటి కొలత 395×295 అని చెప్పి చేయించు, అట్ట జర ఉబ్బినా ప్యాలెట్ అంచు దాటదు. అంచు దాటితే డబ్బా మూల గాలిల ఉంటది. అట్టడబ్బా బలమంతా నాలుగు మూలలల్లనే కాబట్టి, గాలిల ఉన్న మూల బరువు మొయ్యదు. పేర్చేటప్పుడు కూడ మూల మీద మూల రావాలె. గోడకు ఇటుకలు పేర్చినట్టు మార్చి మార్చి పెడితే చూసేటందుకు గట్టిగ కనబడ్తది గాని, కింది వరుస కుంగిపోతది. మీరు టాటా ఏస్‌ల విడిగ పంపినా ఈ కొలత పాటించు, ఎందుకంటే దించినంక వాళ్లు పెట్టేది ప్యాలెట్ మీదనే.

500 గ్రాముల ప్యాకెట్లు డబ్బాకు 20, అంటే 10 కిలోలు. 5 ప్లై (ఐదు పొరల) అట్ట తీసుకో, 3 ప్లై వానకాలంల మెత్తబడ్తది. డబ్బా బరువు 15 కిలోలు దాటనియ్యకు. దాటితే హమాలీలు దించరు, పడేస్తరు. లోపట జాగ మిగలొద్దు, మిగిలితే పై బరువుకు డబ్బా లోపలికి పోతది. కుక్కి కుక్కి నింపినా తప్పే, మూత ఉబ్బి పై డబ్బా దొర్లుతది. ప్యాకెట్లు పెట్టినంక పైన ఒక అట్ట ముక్క పరిచి పెట్టు. గోదాంల టేపు కోసేటోళ్లు బ్లేడు లోతుగ దించుతరు, ఆ ముక్క లేకపోతే పై వరుస ప్యాకెట్లు చీలుతయ్. కారం ఒక్క ప్యాకెట్ చీలినా డబ్బా మొత్తం ఎర్రగయితది, మొత్తం వాపస్.

టేపు 48 మి.మీ.ది, పైన కింద నడిమి జాయింటుకు, రెండు చివరలకు వెయ్యాలె. డబ్బా మీద పొడి దుమ్ము ఉంటే టేపు అంటుకోదు, ముందు గుడ్డతోని తుడవాలె. స్టేపుల్ పిన్నులు అసలే వద్దు, తిండి సామాను కాడ ఇనుప ముక్క కనబడితే గేటు కాడనే ఆపుతరు. నూనె డబ్బాలు, బిస్కెట్ డబ్బాలు మళ్ల వాడుకుందామని ఎవరన్న అంటే ఒప్పుకోకు. పాత బార్‌కోడ్ మిషన్‌కు దొరికిందంటే మీ కారం బిస్కెట్ల లెక్కల పడ్తది.

ఇగ ప్యాకెట్. వట్టి పాలిథీన్ కవర్ల రంగు, వాసన రెండూ పోతయ్. బయట పాలిస్టర్, నడుమ వెండిరంగు పొర, లోపట పాలీ ఉండే మూడు పొరల లామినేట్ కవర్ తీసుకో. పసుపు కనబడాలని కిటికీ పెట్టమని డిజైన్ చేసేటోళ్లు అంటరు. పెట్టకు, వెలుతురుకు పసుపు రంగు దిగుతది. పొడి గిర్నిల నుంచి వచ్చినప్పుడు వేడిగ ఉంటది. శుభ్రమైన పళ్లాలల్ల పరిచి పూర్తిగ ఆరినంకనే నింపాలె, లేకపోతే కవర్ లోపట చెమ్మ పట్టి ఉండలు కడ్తది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి సామాను నాణ్యత చూసే కేంద్ర సంస్థ) లెక్కల తేమ కారంపొడిల 11 శాతం, పసుపుల 10 శాతం దాటొద్దు.

అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి సీలు కాడ. పొడి పోసేటప్పుడు సన్న దుమ్ము లేసి కవర్ మూతి లోపటి దిక్కు అంటుకుంటది. దాని మీద సీలు కొడితే పైకి మంచిగనే కనబడ్తది, లోపట మాత్రం వెంట్రుకంత సందు ఉంటది. ఆ సందుల నుంచి కారం రాలుతది, గాలి పోతది. సీలు గీత కంటే కిందికి దిగే పొడుగు గరాటు వాడాలె, పైన మూడు వేళ్ల జాగ వదలాలె, మూతి లోపట పొడి గుడ్డతోని ఒకసారి తుడవాలె. గంటకోసారి ఒక ప్యాకెట్ తీసి బకెట్ నీళ్లల్ల ముంచి ఒత్తి చూడు. బుడగలు వచ్చినయంటే అంతకుముందు గంటల కొట్టినయన్నీ మళ్ల చూడాలె. మిషన్ వేడి తగ్గిందా, పట్టీ అరిగిందా అన్నది అప్పుడే తెలుస్తది.

కాంటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలె. ఖాళీ కవర్ పెట్టి సున్నా చేసినంకనే తూకం వెయ్యి. 500కు రెండు మూడు గ్రాములు ఎక్కువ పోతే పోనీ.

లేబుల్ మీద సరుకు పేరు, నికర బరువు, తయారీదారు పూర్తి చిరునామా, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్, బ్యాచ్ నంబర్, ప్యాక్ చేసిన తేదీ, వాడకానికి గడువు, అన్ని పన్నులు కలిపి ఎంఆర్‌పీ, శాకాహారం ఆకుపచ్చ గుర్తు, ఫిర్యాదుకు ఫోన్, మెయిల్ ఉండాలె. చానా మంది మరిచేది యూనిట్ ధర. కిలో కంటే తక్కువ ప్యాకెట్ అయితే గ్రాముకెంతో రాయాలె: 500 గ్రాములు 190 రూపాయలైతే గ్రాముకు 0.38. ఇంకోటి, చపాట మిర్చికి 2025ల జీఐ (ఫలానా ప్రాంతం సరుకు అని సర్కారు ఇచ్చే గుర్తింపు) వచ్చిందని ఆ గుర్తు మీరు ముద్రించకండి. అధీకృత వాడకందారుగ పేరు నమోదైతేనే ఆ హక్కు. తేజ రకం మిర్చి కలిపిన కారం మీద చపాట అని రాసుడు అంతకంటే తప్పు.

బార్‌కోడ్ 890తోని మొదలయ్యేది, ఆ నంబర్లు ఇచ్చే సంస్థ జీఎస్1 ఇండియా కాడనే తీసుకో. ఆన్‌లైన్ల అగ్గువకు అమ్మే నంబర్లు అప్పటికే ఇంకొకరివి అయి ఉండొచ్చు. 250కి ఒక నంబర్, 500కు ఇంకో నంబర్. మామూలు కొలత 37.29×25.93 మి.మీ., 80 శాతం కంటే తగ్గించకు. ఎడమ దిక్కు, కుడి దిక్కు తెల్ల ఖాళీ ఉండాలె, మామూలు కొలతకు 3.63, 2.31 మి.మీ. కారం ప్యాకెట్ కదా అని గీతలు ఎర్రగ వేస్తరు. స్కానర్ వెలుతురు కూడ ఎర్రదే, ఎర్ర గీత దానికి తెల్ల కాగితం లెక్కనే కనబడ్తది. తెలుపు మీద నలుపే వెయ్యమను. వెనుక నిలువు జాయింటుకు, కింది మడతకు దూరంగ, చదునుగ ఉండే జాగల పెట్టాలె. డబ్బా మీద వేసే 14 అంకెల కోడ్ వేరు, అది అడుగు నుంచి 32 మి.మీ. పైకి, నిలువు అంచుకు 19 మి.మీ. లోపటికి ఉండాలె. ఒక డబ్బాల ఒక్కటే బ్యాచ్ పెట్టు.

గడువు సంగతి జర ఆలోచించు. ఎక్కువ కంపెనీలు గోదాంకు చేరే రోజుకు మూడొంతులల్ల రెండొంతుల గడువు మిగిలి ఉండాలని అడుగుతయ్. అందుకే పొడి కొట్టి నిల్వ పెట్టకండి. సీజన్ల కాయ కొని ఎనుమాముల దిక్కు కోల్డ్ స్టోరేజీల పెట్టి, ఆర్డర్ వచ్చినంక పట్టించండి.

ఆర్డర్‌ల 20 అని ఉంటే 20 ప్యాకెట్లా, 20 డబ్బాలా అన్నది ఫోన్ చేసి అడుగు. వాళ్ల ఐటెం కోడ్, ఎంఆర్‌పీ, లెక్క, బిల్లుల అట్లనే రావాలె. ఒక్క రూపాయి తేడా ఉన్నా దించుకోరు. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు మోసేటందుకు జీఎస్టీ కింద తీసే కాగితం) కావాలె. దారిల బండి మారితే కొత్త బండి నంబర్ అందుల ఎక్కించాలె. టైం స్లాట్ ముందుగాలనే బుక్ చెయ్యి, ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్ రిపోర్ట్ కాపీ డ్రైవర్‌కు ఇయ్యి.

బండి ఎక్కించేముందు లోపట వాసన చూడు. మన దిక్కు అవే ట్రాలీలు పొద్దుగాల యూరియా, పురుగుమందులు మోస్తయ్. మందు వాసన ఉంటే ఆ బండి వద్దు. కింద చెక్కలు, వాటి మీద ప్లాస్టిక్ షీట్, పైన చిరుగు లేని టార్పాలిన్. పసుపు, కారం వేరే వేరే దిక్కుల పెట్టు.

డ్రైవర్ ముద్ర కొట్టిన రసీదు లేకుండ గేటు దాటొద్దు. ఎన్ని దిగినయ్, ఎన్ని వాపస్, ఎందుకు అన్నది అందుల రాయించుకోవాలె, పైసలు వచ్చేది ఆ లెక్క ప్రకారమే. వాపస్ వచ్చిన డబ్బాలను అదే రోజు విప్పి ఫోటోలు తీయండి, డెబిట్ నోట్ (పైసలు కోస్తున్నమని వాళ్లు పంపే కాగితం) మీద మాట్లాడనీకి అవే ఆధారం.

కవర్లు ప్రింటుకు ఇచ్చేముందు లేబుల్ ప్రూఫ్, బార్‌కోడ్ అసలు సైజుల కాగితం మీద తీసి నాకు పంపు. ఒకసారి వేల కవర్లు అచ్చయినంక మార్చుడు కష్టం.

నీ పెద్దబాపు
హన్మకొండ