తులిప్ తోటలో వాడిన పూలే కనిపించాయంటే

పోయినసారి ఏప్రిల్ 28న శ్రీనగర్ వెళ్తే తులిప్ తోటలో వాడిన పూలే కనిపించాయని, ఈసారి అమ్మగారిని ఎప్పుడు తీసుకెళ్లాలని అడిగారు. ఆ తేదీ బాగా ఆలస్యమైపోయింది. అప్పటికి జబర్వాన్ కొండల కింది ఆ తోటలో చాలా మళ్లలో రేకులు రాలిన కాడలే మిగులుతాయి. అలాగని ఈసారి తోట తెరిచే రోజుకే అమ్మగారిని తీసుకెళ్లకండి.

చాలామంది పొరబడేది ఇక్కడే: తెరిచే రోజు వేరు, పూత నిండే రోజు వేరు. ముందు, మధ్య, చివర పూసే రకాలను కలిపి నాటుతారు. మొదటి రోజున చాలా మళ్లు ఆకుపచ్చ మొగ్గలతోనే ఉంటాయి.

1. తోట మామూలుగా మార్చి రెండో సగంలో తెరుస్తారు. తేదీ ప్రకటించాక, దానికి ఓ పది రోజులు కలిపి విమానం టిక్కెట్లు తీసుకోండి.

2. ఊళ్లో మూడు రాత్రులైనా ఉండండి. గట్టి వాన పడితే రేకులు నిలవవు.

3. చలికి తులిప్ ముడుచుకునే ఉంటుంది, ఎండ తగిలాకే గిన్నెలా విచ్చుకుంటుంది. తెల్లవారుజామున పరుగెత్తితే ఫొటోల్లో మొగ్గలే వస్తాయి. పది దాటాక వెళ్లండి. ఆదివారం మాత్రం వద్దు, పూలకన్నా తలలే ఎక్కువ.

సెలవు మేలోనే దొరికితే తులిప్‌ల మాట మరచి మొఘల్ తోటల్లో గులాబీలు చూడండి. వాటిలో నిషాత్ తోటలో అంచెలంచెలుగా ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి షాలిమార్ నయం.