ఇంట్లో యాక్టివేషన్ సర్వర్ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మా ఇంట్లో మూడు ల్యాప్‌టాప్‌లున్నాయి. అందులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదానికి విండోస్ యాక్టివేట్ చేయమని స్క్రీన్ మీద మెసేజ్ పోవట్లేదు. రాస్ప్‌బెరీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద కేఎంఎస్ అనే చిన్న యాక్టివేషన్ సర్వర్ పెడితే విండోస్, ఆఫీస్ అన్నీ వాటంతటవే యాక్టివేట్ అవుతాయని, కీలు మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే ఉంటాయని మా అబ్బాయి ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కీలు ఆ సైట్‌లో ఉన్న మాట నిజమే. కానీ వాటితో లైసెన్స్ రాదండి. ఆ కీ వేస్తే కంప్యూటర్ మైక్రోసాఫ్ట్‌ని కాకుండా మీ నెట్‌వర్క్‌లో ఉన్న కేఎంఎస్ సర్వర్‌ని అడుగుతుంది, అంతే. వాల్యూమ్ లైసెన్స్ (చాలా కంప్యూటర్లకి కలిపి తీసుకునే లైసెన్స్) కొన్న కాలేజీలు, కంపెనీలు వందల మెషీన్లని ఒక్కొక్కటిగా యాక్టివేట్ చేసే బాధ లేకుండా పెట్టుకునే ఏర్పాటది. పైగా అసలైన కేఎంఎస్ సర్వర్ మీ ఇంట్లో పనే చేయదు, ఎందుకంటే తనని అడిగిన విండోస్ మెషీన్ల లెక్క 25కి చేరేదాకా అది ఒక్కదాన్ని కూడా యాక్టివేట్ చేయదు, ఆఫీస్‌కైతే 5 ఉండాలి. మూడు ల్యాప్‌టాప్‌ల ఇంట్లో పనిచేసిందంటే అది లెక్క సరిపోయిందని అబద్ధం చెప్పే నకిలీ సర్వర్. అంటే పైరసీయే. ఇళ్లలో వాడే విండోస్ హోమ్ ఎడిషన్‌కైతే కేఎంఎస్ అసలు వర్తించదు.

నాకు ఇంకా భయం ఎక్కడంటే, ఇలాంటి టూల్స్ చాలావరకు ముందు యాంటీవైరస్ ఆపేయమంటాయి. 2021లో కేఎంఎస్‌పికో అనే ఇలాంటి టూల్ పేరుతో తిరిగిన ఇన్‌స్టాలర్లలో క్రిప్ట్‌బాట్ అనే దొంగ ప్రోగ్రాం బయటపడింది, బ్రౌజర్లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయే రకం. ఆ ల్యాప్‌టాప్‌లోనే మీరు బ్యాంకు సైట్ తెరుస్తారు కదా!

ముందు ఒక పని చేయండి. సెర్చ్‌లో సీఎండీ అని కొడితే నల్ల విండో వస్తుంది. అందులో ఇంగ్లిష్ అక్షరాల్లో ఎస్, ఎల్, ఎం, జీ, ఆర్ కొట్టి, ఒక స్పేస్ వదిలి, స్లాష్, దాని పక్కనే డీ, ఎల్, ఐ కొట్టి ఎంటర్ నొక్కండి. చిన్న బాక్స్ వస్తుంది. ఓఈఎం అని ఉంటే ల్యాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్స్, రిటైల్ అంటే విడిగా కొన్నది. వాల్యూమ్, కేఎంఎస్ క్లయింట్ అని కనిపిస్తే మాత్రం అది ఏదో కంపెనీ వాడి వదిలేసిన మెషీన్ అయినా కావాలి, అమ్మినవాళ్లు మీకు పైరసీ కాపీ వేసైనా ఇచ్చి ఉండాలి.

అలా ఉన్నా టెన్షన్ పడకండి. విండోస్ 8 కాలం నుంచి విండోస్‌తో అమ్మే ల్యాప్‌టాప్‌లలో కీని మదర్‌బోర్డులోనే పెట్టి ఇస్తున్నారు. హోమ్‌తో వచ్చినదాంట్లో ఎవరో ప్రో ఎడిషన్ వేసి ఉంటే ఆ కీ అలా ఉండిపోతుంది. ఫొటోలు, ఫైళ్లు బ్యాకప్ తీసుకుని, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే విండోస్ దించుకుని, ముందు వచ్చిన ఎడిషనే మళ్లీ వేయించండి, కీ అదే తీసుకుంటుంది. అక్కడా కీ లేకపోతే, కొనేదాకా ఆ మెసేజ్‌తోనే వాడుకోండి, వాల్‌పేపర్ లాంటివి మార్చుకోనివ్వదు గానీ పని ఆగదు. ఆఫీస్ బదులు లిబ్రెఆఫీస్ ఉచితం. వర్డ్, ఎక్సెల్ కూడా బ్రౌజర్లో ఉచితంగానే వాడుకోవచ్చు. అబ్బాయిది కాలేజీ అయితే కాలేజీ ఈమెయిల్‌తో ఆఫీస్ వస్తుందేమో అడగమనండి, కొన్ని కాలేజీలు ఇస్తున్నాయి.

ప్రశ్న: నాది వర్క్ ఫ్రమ్ హోమ్. కంపెనీ ల్యాప్‌టాప్‌లో విండోస్ లైసెన్స్ గడువు అయిపోతోందని వస్తోంది. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీది కేఎంఎస్ మెషీన్ అయి ఉంటుంది. ఆ యాక్టివేషన్ 180 రోజులే. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్నంతకాలం ఏడు రోజులకోసారి తనే రెన్యూ చేసుకుంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు, ఇంట్లో ఉండిపోతే బయటపడుతుంది. ఇంటి నుంచే ఆఫీసు నెట్‌వర్క్‌లోకి కలిపే కంపెనీ వీపీఎన్‌కి కనెక్ట్ అయి కాసేపు ఉంచండి, చాలాసార్లు దాంతోనే సరిపోతుంది. అయినా పోకపోతే మీ ఐటీ వాళ్లకి టికెట్ పెట్టండి, బయట దొరికిన కీ మాత్రం అందులో వేయకండి.