కథలు చదివితే ఇంగ్లీష్ పదాలు వస్తాయా?

ప్రశ్న: డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఇంగ్లీష్‌లో ఏదైనా చెప్పబోతే సమయానికి మాటలు దొరకవు. రోజూ 20 పదాలు అర్థాలతో సహా బట్టీ పడుతున్నాను కానీ వారం తిరిగేసరికి సగం గుర్తుండటం లేదు. కథలు చదవమని మా లెక్చరర్ చెప్పారు. ఒక కథ మొదలుపెడితే మొదటి పేజీలోనే పదిహేను పదాలు తెలియక ఆపేశాను. ఇంటర్వ్యూలు దగ్గరపడుతున్నాయి. ఇప్పుడు కథల మీద టైమ్ పెట్టవచ్చా?
- ఒక విద్యార్థిని

జవాబు: తప్పకుండా పెట్టండి. మీ లెక్చరర్ మంచి సలహా ఇచ్చారు. మీ చేతికి వచ్చిన కథే మీ స్థాయికి మించిపోయింది. దానికి మీరు నిరుత్సాహపడాల్సిన పని లేదు.

డిక్షనరీ సాయం లేకుండా కథ అర్థం కావాలంటే నూటికి 98 పదాలు ముందే తెలిసి ఉండాలని మార్సెల్లా హు, పాల్ నేషన్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చారు. మామూలు నవలలు ఆ స్థాయిలో చదవాలంటే 8000 నుంచి 9000 దాకా పద కుటుంబాలు తెలియాలని నేషన్ 2006లో లెక్కగట్టారు. హెల్ప్, హెల్ప్‌ఫుల్, హెల్ప్‌లెస్ అన్నీ కలిసి ఒక కుటుంబం అన్నమాట. ఇంగ్లీష్ నేర్చుకుంటున్నవాళ్లకు ఒక్కసారిగా అంత దూరం అందదు. అందుకే నేర్చుకునేవాళ్ల స్థాయిని బట్టి తేలిక పదాలతో రాసే గ్రేడెడ్ రీడర్స్ అనే పుస్తకాలు వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్ బుక్‌వార్మ్స్ సిరీస్‌నే తీసుకుంటే మొదటి స్టేజ్ 400 మూల పదాలతో, ఆరో స్టేజ్ 2500 మూల పదాలతో రాసి ఉంటాయి. ఏదైనా పుస్తకం తెరిచి ఓ వంద పదాలు చదవండి. పేర్లు వదిలేసి, తెలియనివి రెండో మూడో ఉంటే అది మీ పుస్తకం. ఆరేడు దాటితే ఒక స్టేజ్ కిందికి దిగండి. చిన్నపిల్లల పుస్తకంలా ఉందని మొహమాటపడవద్దు. సులువైన కథలు పది చదివినవాళ్లు, కష్టమైన కథ ఒకటి సగంలో వదిలేసినవాళ్లకన్నా చాలా ముందుంటారు.

మొదటిసారి చదివేటప్పుడు డిక్షనరీ పక్కన పెట్టేయండి. తెలియని మాట కింద పెన్సిల్‌తో గీత గీసి ముందుకు వెళ్లిపోండి. కథ ఏమవుతుందో తెలుసుకోవాలన్న ఆత్రుత మిమ్మల్ని చివరిదాకా లాక్కెళ్లాలి. మర్నాడు అదే కథ మళ్లీ చదవండి. ఈసారి గీతలు గీసినవాటిలో ఐదారు పదాలు మాత్రం ఏరుకోండి. కథలో రెండు మూడు చోట్ల కనిపించినవి, మీరు కూడా ఎప్పుడైనా అనవలసివచ్చేవి అయితే మంచిది. ఓడ భాగాల పేర్లూ పాతకాలపు దుస్తుల పేర్లూ మీకిప్పుడు అక్కర్లేదు.

ఉదాహరణకు, ఒకామెకు ఉత్తరం వచ్చింది. కవరు అటూ ఇటూ తిప్పింది, బల్ల మీద పెట్టింది, కిటికీ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. అక్కడ 'షి వాజ్ రిలక్టెంట్ టు ఓపెన్ ఇట్' అని ఉంది. రిలక్టెంట్ అంటే వెనకాడుతోందని మీకు సగం తెలిసిపోయింది. డిక్షనరీ ఆ ఊహ సరైనదో కాదో చెబుతుంది. పైగా దాని తర్వాత 'టు' వచ్చి, ఆపైన క్రియ వస్తుందని కూడా పట్టుబడింది. మీరు బట్టీ పట్టే జాబితాలో ఈ రెండో సంగతి ఉండదు. మాట తెలిసినా నోట్లోంచి రాకపోవడానికి ఇదీ ఒక కారణం. అందుకని నోట్‌బుక్‌లో పదం ఒక్కటే రాసుకోకండి, ఆ వాక్యం మొత్తం ఎక్కించండి. దాని కింద మీ గురించి ఒక వాక్యం రాయండి. మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి తిరగేయండి.

వీలైతే ఒకే రచయిత కథలు వరసగా చదవండి. రచయితలకు అలవాటైన మాటలు ఉంటాయి, అవే మళ్లీ మళ్లీ ఎదురుపడతాయి. కథకో రచయితను మారిస్తే ప్రతిసారీ కొత్త పదాల గుట్ట ముందుంటుంది.

ఇక మీ ఇంటర్వ్యూల సంగతి. చదివితే పదం గుర్తుపట్టడం వస్తుంది, వాడటం మాత్రం నోటితో సాధన చేస్తేనే వస్తుంది. కథ పూర్తయ్యాక పుస్తకం మూసి, రెండు మూడు నిమిషాల్లో ఆ కథను ఇంగ్లీష్‌లో పైకి చెప్పండి. ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. ఎక్కడ ఆగారో చూసి, అక్కడ కావలసిన మాట కోసం కథలోకి వెళ్లి మళ్లీ చెప్పండి. 'మీకు ఎదురైన ఒక ఇబ్బందిని ఎలా పరిష్కరించారు?' అని ఇంటర్వ్యూలో అడిగితే మీరు చెప్పేది కూడా కథే. ఏం జరిగింది, మీరేం చేశారు, చివరికి ఏమైంది. జరిగినదాన్ని తడబడకుండా వరసగా చెప్పడానికి కావలసిన క్రియలు, ఆ వాక్యాలను కలిపే మాటలు కథల్లో దొరికినంతగా పదాల జాబితాల్లో దొరకవు.

కథలు ఇవ్వలేనివీ ఉన్నాయి. ఆఫీసు మెయిళ్లలో, రిపోర్టుల్లో వచ్చే భాష వేరు. దానికోసం వారంలో ఒకటి రెండు రోజులు మీ సబ్జెక్టు మీద చిన్న వ్యాసాలు చదవండి. పై చదువులకు వెళ్లే ఆలోచన ఉంటే చదువుకు సంబంధించిన పుస్తకాల్లో తరచూ వచ్చే పదాలతో అవెరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ చూడండి. అందులో 570 పద కుటుంబాలు ఉన్నాయి. బట్టీ పూర్తిగా మానక్కర్లేదు కానీ రోజుకు 20 చాలా ఎక్కువ, ఐదుకు తగ్గించండి.

మీ సబ్జెక్టు ఏమిటో, ఎలాంటి ఉద్యోగాలకు అప్లై చేస్తున్నారో రాయలేదు. అవి తెలియజేస్తే ఎలాంటి వ్యాసాలతో మొదలుపెట్టాలో చెబుతాను.