కొత్త ఫోన్‌కి ఒక ఖాతా, దాచుకున్న డబ్బుకి ఇంకో ఖాతా

ప్రశ్న: నాకు 62 ఏళ్ళు, మాది తెనాలి. మావారు పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు, ఆయన పోయి రెండేళ్ళయింది. ఫ్యామిలీ పెన్షన్ నెలకు 19 వేలు వస్తుంది. ఆయన తాలూకు 16 లక్షలు నా సేవింగ్స్ ఖాతాలో అలాగే ఉన్నాయి. ఇన్నాళ్ళూ బటన్ ఫోనే వాడాను. దసరాకి మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చి స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాడు, నా పాత సిమ్ అందులో వేసి ఫోన్‌పే కూడా పెట్టి వెళ్ళాడు. మా వీధిలో ఒకావిడకి ఫోన్‌లోనే లక్షన్నర పోయింది. అది విన్న రోజునే నా ఫోన్ బీరువాలో పెట్టేశాను. వాడాలని ఉంది, భయంగానూ ఉంది. షాపువాళ్ళేమో ఏడాదికి 1,800 కట్టి ఫోన్‌కి ఇన్సూరెన్స్ తీసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఫోన్ బీరువాలోంచి తీయండి. మీకు భయం వేయడంలో తప్పేమీ లేదు, పదహారు లక్షలున్న ఖాతాకి ఫోన్‌పే తగిలించి చేతిలో పెడితే ఎవరికైనా గుండె దడగానే ఉంటుంది. యూపీఐలో మామూలుగా రోజుకి లక్ష దాకా పంపొచ్చు. అంటే మీరు ఒక్కసారి పొరపాటు పడితే పోయేది కూరగాయల డబ్బు కాదు, లక్ష దాకా ఉంటుంది. మీ అబ్బాయి ప్రేమతోనే చేశాడు, కానీ ఉన్న ఒక్క ఖాతాకే అన్నీ కలిపేశాడు. వాటిని విడదీస్తే చాలు, మీ టెన్షన్ ముప్పావు వంతు తగ్గిపోతుంది.

ఎలాగంటే, మీ పాత సిమ్‌ని మళ్ళీ బటన్ ఫోన్‌లో వేసేయండి. పెన్షన్ వచ్చే బ్యాంకులో, ఆధార్‌లో ఉన్న నంబరు అదే కాబట్టి ఓటీపీలన్నీ ఆ బుజ్జి ఫోన్‌కే వస్తాయి, అందులో ఏ యాప్ ఎక్కదు, ఏ దొంగ ఫైలూ తెరుచుకోదు. స్మార్ట్‌ఫోన్‌లోకి కొత్త సిమ్ తీసుకోండి. ఆ కొత్త నంబరుతో, మీ పెన్షన్ బ్యాంకు కాకుండా ఇంకో బ్యాంకులో ఒక చిన్న సేవింగ్స్ ఖాతా తెరవండి. మినిమమ్ బ్యాలెన్స్ అడగని ప్రభుత్వ బ్యాంకులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఫోన్‌పే ఆ చిన్న ఖాతాకి మాత్రమే ఉండాలి. ఇప్పుడున్న ఫోన్‌పేలోంచి పెద్ద ఖాతాని తీసేయించండి, మీ అబ్బాయి వీడియో కాల్‌లో దగ్గరుండి చేయిస్తాడు. ఆ తర్వాత పెన్షన్ బ్యాంకుకి ఒకసారి వెళ్ళి, నెల నెలా 3వ తేదీన 6 వేలు మీ చిన్న ఖాతాకి వెళ్ళేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాసివ్వండి. పాలు, కూరలు, కరెంటు బిల్లు, రీచార్జీలు అన్నీ అందులోంచే. ఎప్పుడైనా ఏదైనా జరగరానిది జరిగినా ఆ నెల మిగిలిన మూడు నాలుగు వేల దగ్గర ఆగుతుంది.

రెండు సిమ్‌లంటే రెండు రీచార్జీలు కదా అని మీకు అనిపిస్తుంది, నిజమే. అయినా ఈ ఖర్చు పెట్టమనే చెబుతాను. మీరు అడిగిన ఆ ఫోన్ ఇన్సూరెన్స్ మాత్రం వద్దు, రెండు మూడు వందలు పెట్టి టెంపర్డ్ గ్లాసూ వెనక కవరూ వేయించండి. ఆ 1,800 పాత సిమ్ రీచార్జికి పనికొస్తుంది. ఆ పాత నంబరుని ఎప్పుడూ ఊరికే వదిలేయకండి, మూడు నెలలు వాడకం లేకపోతే కంపెనీ దాన్ని ఆపేసి తర్వాత ఇంకెవరికో ఇచ్చేయొచ్చు, అప్పుడు మీ బ్యాంకు ఓటీపీలు వాళ్ళకి వెళ్తాయి.

ఇక పెద్ద డబ్బు సంగతి. మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. సేవింగ్స్ ఖాతాలో వడ్డీ రెండున్నర శాతం అటూ ఇటూ, అంటే 16 లక్షల మీద ఏడాదికి వచ్చేది 40 వేలు. అందులో 12 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేయండి. 60 దాటినవాళ్ళకి 30 లక్షల దాకా వీలుంది, వడ్డీ 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం. ఆ లెక్కన మూడు నెలలకోసారి 24,600 మీ చేతికి వస్తుంది, ఏడాదికి 98,400. మీరు వేసిన రోజున ఉన్న రేటే ఐదేళ్ళూ నడుస్తుంది. మధ్యలో తీయాల్సివస్తే, ఏడాది లోపైతే వడ్డీ దక్కదు, రెండేళ్ళ లోపు అసలులోంచి ఒకటిన్నర శాతం, ఆ తర్వాత ఒక శాతం కోత పెడతారు. అందుకే మొత్తం అందులో వేయమనట్లేదు. 3 లక్షలు బ్యాంకులో లక్ష చొప్పున మూడు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా పెట్టండి, ఆస్పత్రి ఖర్చు లాంటిది వస్తే ఒకటి తీస్తే సరిపోతుంది, మిగతా రెండింటి వడ్డీ చెడదు. మిగిలిన లక్షా ఖాతాలో ఉంచుకోండి. ఈ డిపాజిట్లున్న ఖాతాకి నెట్ బ్యాంకింగ్, మొబైల్ యాప్ రెండూ వద్దని చెప్పండి. చాలామందికి తెలియంది ఏంటంటే, ఫోన్‌లో యాప్ ఉంటే మోసగాడు ఖాతాలో డబ్బుతో ఆగడు, ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఆన్‌లైన్‌లోనే బద్దలుకొట్టి తీసుకుపోతాడు. నామినీగా మీ అబ్బాయి పేరు అన్నిచోట్లా ఉందో లేదో అదే రోజు చూసుకోండి.

ఇప్పుడు ఫోన్ వాడకం. మా అమ్మకి నేను నేర్పినప్పుడు ఒక్కటే అలవాటు చేయించాను. వీధి చివర కూరగాయల బండి దగ్గర నిలబడి కోడ్ స్కాన్ చేసి, 20 అని కొట్టగానే తెర మీద పేరు వస్తుంది కదా, ఆ పేరు పైకి చదివితేగానీ పిన్ కొట్టకూడదు అన్నాను. మొదటి రోజు ఎండలో తెర కనపడక చీర కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళజోడు పైకి జరిపి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. బండి అబ్బాయి పేరు తెరమీద వాళ్ళ నాన్న పేరుగా వచ్చింది, ఆమె ఆగిపోయి “ఈ పేరు నీదేనా?” అని అడిగింది, అతను “మా నాన్నదమ్మా” అన్నాకే పిన్ కొట్టింది. నాలుగేళ్ళయింది, ఇప్పటికీ పైకే చదువుతుంది. మీరూ అలాగే చేయండి, ఎవరైనా చూస్తున్నారని మొహమాటపడకండి. కొత్త ఫోన్‌లో యూపీఐ పెట్టిన మొదటి 24 గంటలు 5 వేలకు మించి వెళ్ళదు, అది మీ ఫోన్‌లో లోపం కాదు, భద్రత కోసం పెట్టిన హద్దు. పిన్ లేకుండానే చిన్న మొత్తాలు కట్టే యూపీఐ లైట్ అని ఒకటి కనపడుతుంది, ఆరు నెలలు దాని జోలికి పోవద్దు, పేరు చదివే అలవాటు ముందు పడాలి.

డబ్బు పంపడానికే పిన్ కావాలి, రావడానికి అక్కర్లేదు. “మీకు రిఫండ్ వస్తుంది, పిన్ కొట్టండి” అని ఎవరన్నా, అది ఎంత మర్యాదగా అడిగినా, మోసమే. వాట్సాప్‌లో పెళ్ళిపత్రిక అనీ, చలానా అనీ, పీఎం కిసాన్ అనీ ఏపీకే అన్న అక్షరాలతో ముగిసే ఫైళ్ళు వస్తాయి, తెలిసినవాళ్ళ నంబరు నుంచి కూడా వస్తాయి, ఎందుకంటే వాళ్ళ ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉంటుంది. వాటిని తెరవొద్దు, యాప్ ఏదైనా ప్లే స్టోర్ నుంచే. ఫోన్‌లో మీ తెర చూస్తామని ఏదైనా యాప్ వేయించబోతే కాల్ కట్ చేయండి. పోలీసులమని, సీబీఐ అని వీడియో కాల్‌లో “డిజిటల్ అరెస్ట్” అంటే మన చట్టంలో అలాంటిది అసలు లేదు, అదీ కట్ చేయండి.

ఒకవేళ డబ్బు పోతే, సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా ఒక్క గంట కూడా కూర్చోవద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆ వెంటనే బ్యాంకుకి. ఆ డబ్బు ఇంకో ఖాతాకి, అక్కణ్ణుంచి మరో ఖాతాకి పారిపోయేలోపు ఆపగలిగితేనే తిరిగొస్తుంది. 2017లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ప్రకారం మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివాళ్ళ వల్ల పోయి, మూడు పనిదినాల్లో మీరు చెబితే, ఆ నష్టం మీ మీద పడదు. పిన్ మీరే చెప్పేసి ఉంటే మాత్రం, బ్యాంకుకి తెలియజేసేదాకా పోయినదంతా మీదే, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుది. ఈ 1930 నంబరు రెండు ఫోన్లలోనూ సేవ్ చేసి, ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకీ అంటించండి.

ఇంతా చేసి ఈ ఫోన్ ఎందుకు అంటే, మీకు దగ్గర్లోనే ఒక పని ఉంది. కేంద్ర పెన్షన్ కాబట్టి నవంబరులో మీరు లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నానని రుజువు, ఇవ్వాలి. ఏటా ఆటో ఎక్కి, బ్యాంకులో లైన్లో నిలబడి ఇస్తూ ఉండొచ్చు. ఈసారి ఇంట్లోనే ఇవ్వండి. జీవన్ ప్రమాణ్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ అని రెండు యాప్‌లు ప్లే స్టోర్‌లో దొరుకుతాయి. ఆధార్, పీపీఓ నంబరు (మీ పెన్షన్ ఆర్డరు కాగితం మీద ఉంటుంది), పెన్షన్ ఖాతా పాస్‌బుక్ దగ్గర పెట్టుకుని, మీ అబ్బాయి ఇంకో ఫోన్‌లో లైన్లో ఉండగా, పొద్దున పూట కిటికీకి ఎదురుగా వెలుతురు మొహం మీద పడేలా కూర్చోండి. కళ్ళజోడు తీసేయండి. తెర మీద గుండ్రంలో మొహం పెట్టి కళ్ళార్పమంటుంది, ఆర్పితే చాలు. ప్రమాణ్ ఐడి నంబరు వస్తుంది, దాన్ని డైరీలో రాసుకోండి.