ఫోన్‌లో చెప్పిన పదిహేను తక్‌పట్టీలోకి వచ్చింది

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. హనుమకొండలో మందుల ఏజెన్సీ బిల్లింగ్‌లో చేరి ఆరు నెలలైంది, ఒక పక్క ఫోన్, ఒక పక్క వాట్సాప్ ఆర్డర్లు, ఎదురుగా కౌంటర్ దగ్గర మనుషులు, సాయంత్రానికి తల మొద్దుబారిపోతోంది, బిల్లుల్లో తప్పులు పడుతున్నాయి అని రాశావు. సార్ "మల్టీ టాస్కింగ్ నేర్చుకో" అంటున్నారు, అది ఎలా నేర్చుకోవాలి అని అడిగావు.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో, అంటే రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే చోట, పదకొండేళ్లుగా గుమస్తాగా చేస్తున్నాను. నా అనుభవంలో అది కష్టపడితే వచ్చే విద్య కాదు. నేర్చుకోవాల్సింది వేరే ఉంది. నాకు అది ఒక రైతు వల్ల తెలిసింది.

మిర్చి సీజన్‌లో మా దగ్గర పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు పై ధర తేల్చే వేలం, అవుతుంది. తర్వాత ఖరీదుదారులు వచ్చి బస్తాలు చూసుకుంటూ ధర పెడతారు. ఆ తర్వాత కాంటాలు. కాంటా అయిన సరుకుకు మేం తక్‌పట్టీ రాయాలి. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, క్వింటాలుకు ఎంత ధర, ఖర్చులు పోను చేతికి ఎంత వస్తుంది, అన్నీ అందులోనే ఉంటాయి. రైతు ఏడాది కష్టమంతా ఆ ఒక్క కాగితం. దాన్ని రాసే సమయానికే అందరికీ మాతో పని పడుతుంది. హమాలీలు కూలీ లెక్క అడుగుతారు, ఊళ్ల నుంచి రైతులు ఫోన్ చేసి "ఇయ్యాల తేజ మిర్చి ఎంత పలికింది" అంటారు, గ్రూపుల్లో ధరల ఫోటో పెట్టమంటారు.

కొన్నేళ్ల కింద మార్చిలో ఒక సాయంత్రం, ములుగు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు పట్టీ రాస్తున్నాను. ముప్పై ఎనిమిది బస్తాలు. కాంటా చిట్టీలో 16 క్వింటాళ్ల 34 కిలోలు అని ఉంది. రాయబోతుంటే సేటు ఫోన్ చేసి ఒక పార్టీ బాకీ ఎంతని అడిగాడు. "పదిహేను వేలు సేటూ" అని చెప్పి ఫోన్ పెట్టేసి, పట్టీలో 15 క్వింటాళ్ల 34 అని రాశాను. నోటితో అన్న అంకె చేతిలోకి వచ్చేసింది. ఆ రోజు ఆయన సరుకుకు పడిన ధర 14,500. ఒక్క అంకెతో అంత డబ్బు పోయింది.

ఆయన మర్నాడు మళ్లీ బస్సెక్కి వచ్చాడు. కోప్పడలేదు. "బిడ్డా, ముప్పై ఎనిమిది బస్తాలకు ఇంత తక్కువ ఎట్లైతది, ఒక్కసారి సూడు" అన్నాడు. కాంటా చిట్టీ తీసి చూస్తే తప్పు నాదే. సేటు అప్పటికప్పుడు మిగతా డబ్బు ఇచ్చేశాడు. కానీ లెక్క చూసుకోవడం రాని మనిషి అయితే ఏమయ్యేది? అంతకుముందు నేను రాసిన పట్టీల్లో ఇలాంటివి ఎన్ని పోయాయో అనే ఆలోచన నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఇది ఎందుకు జరిగిందో తెలుసుకోవాలని తర్వాత వెతికి చదివాను. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీని గురించే రాశారు. ఒక పని వదిలి ఇంకో పనికి వెళ్లినప్పుడు ధ్యాస మొత్తం మనతో రాదు, కొంత పాత పని దగ్గరే ఉండిపోతుంది. దానికి ఆమె పెట్టిన పేరు అటెన్షన్ రెసిడ్యూ. నా పదిహేను అలా మిగిలిపోయిందే అనిపించింది. గ్లోరియా మార్క్ అనే ఇంకో పరిశోధకురాలి బృందం 2008లో చేసిన ప్రయోగం ఇంకో విషయం చెప్పింది. మధ్యమధ్యలో ఆటంకాలు వచ్చినవాళ్లు పని ఆలస్యం చేయలేదు, ఇంకా తొందరగానే ముగించారు. కానీ వాళ్లలో టెన్షన్, చిరాకు, ఒత్తిడి బాగా పెరిగాయి. అందుకే పై వాళ్లకు మన బాధ కనిపించదు. పని అవుతూనే ఉంటుంది, అరిగిపోయేది మనం. నీ తల సాయంత్రానికి మొద్దుబారడంలో నీ చేతకానితనం ఏమీ లేదు.

అసలు మల్టీ టాస్కింగ్ అనే మాట కంప్యూటర్ల నుంచి వచ్చింది. అప్పటి ప్రాసెసర్, అంటే కంప్యూటర్‌లో లెక్కలు చేసే చిప్, కూడా నిజానికి ఒక్క క్షణంలో రెండు పనులు చేసేది కాదు, వేగంగా ఒకదాని నుంచి ఇంకోదానికి మారేది. మారే ముందు తను ఎక్కడ ఆగిందో భద్రంగా రాసి పెట్టుకునేది. మనం ఆ రాసి పెట్టుకోవడం ఒక్కటి వదిలేసి మారడం మాత్రం చేస్తున్నాం. లెరాయ్ 2018లో ఇంకొకరితో కలిసి రాసిన వ్యాసంలోనూ ఇదే ఉంది. పక్కకు తిరిగే ముందు "ఇక్కడ ఆగాను, తిరిగొచ్చి ఇది చేయాలి" అని ఒక ముక్క రాసుకున్నవాళ్లకు తర్వాతి పని మీద ధ్యాస బాగా నిలిచింది.

మా మేనమామ కాజీపేటలో లోకో పైలట్‌గా రిటైరయ్యాడు. ఇంజన్‌లో ఆయనా, అసిస్టెంటూ ప్రతి సిగ్నల్‌నూ పైకి చెప్పుకోవాలి. ఒకరు చెబితే రెండోవారు తిరిగి చెప్పాలి. విమానాల్లోనూ ఇలాంటి కట్టడి ఉంది. అమెరికాలో 1981 నుంచి ప్రయాణికుల విమానం పైకి లేచేటప్పుడు, కిందకు దిగేటప్పుడు పదివేల అడుగుల కింద ఉన్నంతసేపు పైలట్లు ఆ విమానం నడపడానికి అవసరం లేని మాట మాట్లాడకూడదు. తప్పు పడితే వెనక కూర్చున్నవాళ్లకు దెబ్బ తగిలే చోట "నువ్వు జాగ్రత్తగా ఉండు" అని ఒక మనిషి మీద వదిలేయలేదు.

మామయ్య మాటలు విని నేను సేటును అడిగాను. పట్టీ రాసేటప్పుడు ఫోన్ నా దగ్గర ఉండదని, పని కుర్రాడు ఎత్తి పేరు నోట్‌బుక్‌లో రాస్తాడని చెప్పాను. ఒప్పుకోవడానికి వారం పట్టింది. హమాలీల లెక్కకు ఐదు తర్వాత టైం పెట్టాం. ఎవరైనా మధ్యలో పిలిస్తే "ఈ పట్టీ అయిపోనీయన్నా" అంటాను, ఎవరూ ఏమీ అనుకోలేదు. తప్పనిసరిగా లేవాల్సి వస్తే రాసిన చివరి అంకె పక్కన పెన్సిల్‌తో టిక్ పెడతాను. పట్టీ పూర్తయ్యాక తూకం, ధర రైతుకు పైకి చదివి వినిపిస్తాను. వాళ్లు "ఔ" అన్నాకే చింపి ఇస్తాను. ఈ ఆఖరిది నాకు అన్నిటికన్నా పనికొచ్చింది.

నీ పనిలో ఫోన్, వాట్సాప్, కౌంటర్ మూడూ ఉండక తప్పదు. కానీ ఒక బిల్లులో మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, సంఖ్య కొట్టే రెండు మూడు నిమిషాలు మాత్రం ఎవరికీ ఇవ్వకు. ఒకేలా వినిపించే మందుల పేర్లు ఎన్ని ఉంటాయో నాకన్నా నీకే ఎక్కువ తెలుసు. అక్కడ పడే తప్పు చివరికి రోగి దాకా పోతుంది. వాట్సాప్ ఆర్డర్లు వచ్చినప్పుడల్లా కాకుండా అరగంటకోసారి చూడు. ఫోన్ ఆర్డర్ రాసుకున్నాక వాళ్లకే తిరిగి చదివి వినిపించు.

సార్‌తో "నాకు మల్టీ టాస్కింగ్ రాదు" అని మాత్రం అనకు. ఒక వారం కీబోర్డు పక్కన కాగితం పెట్టుకుని, బిల్లు మధ్యలో ఎవరు ఆపినా ఒక గీత గీయి. తప్పు పడిన బిల్లు ఉంటే ఆ గీత దగ్గరే నంబరు రాయి. నేను ఒక రోజు మధ్యాహ్నం అలా గీస్తే మూడు గంటల్లో ముప్పై ఏడు వచ్చాయి. సేటు నా మాట కన్నా ఆ కాగితాన్నే ఎక్కువ నమ్మాడు. నీకు ఎన్ని వస్తాయో ఇక్కడే రాయి తమ్ముడూ, వాటిలో ఏవి పక్కకు జరపొచ్చో కలిసి చూద్దాం.